ఒంటరిగా టెంట్ మోసుకుని హిమాలయాలకు: హర్ కీ దూన్, హంప్తా, మార్ఖాల్లో ఏది ముందు?

ట్రెక్కింగ్ కంపెనీల పేజీల్లో ప్రతి దారి పేరు పక్కనా ఒక మాట ఉంటుంది: ఈజీ, మోడరేట్, డిఫికల్ట్. ఆ మాట రాసింది బ్యాచ్‌ని దృష్టిలో పెట్టుకుని. ముందొక గైడ్, వెనకొక గైడ్, వేళకి వండిపెట్టే మనిషి, టెంట్లు మోసే కంచర గాడిదలు, అవసరమైతే ఆక్సిజన్ సిలిండర్. ఇవేవీ లేకుండా టెంటూ పొయ్యీ తిండీ అన్నీ వీపున వేసుకుని ఒక్కరే బయల్దేరితే ఆ వరుస తలకిందులవుతుంది. 'మొదటిసారి వెళ్లేవాళ్లకి సరైనది' అని అందరూ చెప్పే హంప్తా కనుమ, ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఈ మూడింట్లోకీ కష్టమైనది. 5,200 మీటర్ల పైచిలుకు ఎత్తున్న కనుమ దాటాల్సిన మార్ఖా లోయ అంతకంటే చాలా నయం. ఎందుకలా అన్నది చెప్పడానికే ఇదంతా.

ఈ మూడింటినే ఎంచుకోవడానికి కారణం ఉంది. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో బయల్దేరితే ప్రయాణంతో కలిపి పది పన్నెండు రోజుల సెలవులో ముగించుకు రావచ్చు. మూడింటికీ తాడు, ఐస్ యాక్స్ లాంటి పర్వతారోహణ సామాను అక్కర్లేదు, సరైన నెలలో వెళ్తే. చాలామంది అడిగే డార్జిలింగ్ వైపు సందక్‌ఫు ఇందులో లేదు. సింగలీలా నేషనల్ పార్కులోకి గైడ్ లేకుండా పంపరు, రాత్రిళ్లు బస కూడా లాడ్జిల్లోనే. మంచి దారే, కానీ ఒంటరి ప్రయాణం కాదు. దయారా, అలీ-బేద్నీ లాంటి పచ్చికబయళ్ల దారులనూ పక్కన పెట్టాను. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో బుగ్యాళ్లలో, అంటే ఇలాంటి పచ్చికబయళ్లలో, రాత్రి బస చేయకూడదని తీర్పు ఇచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పచ్చిక మధ్యలో పసుపు టెంట్ ఫోటోలు ఇంకా తిరుగుతున్నాయి గానీ, వాటిని చూసి ప్లాన్ వేసుకోకండి.

దారిని కొలవడానికి నేను ముందు వేసుకునే ప్రశ్న ఎత్తు గురించి కాదు, దూరం గురించి కాదు. కాలు మడతపడి ఒక బండ మీద కూర్చుండిపోతే తర్వాతి మనిషి ఎంతసేపటికి వస్తాడు? రెండో ప్రశ్న: ఏ రోజైనా సరే, 'ఇంక చాలు' అనుకుంటే వచ్చిన దారినే వెనక్కి పోగలనా? ఈ రెండింటికీ జవాబు బాగుంటే మిగతావి సర్దుకోవచ్చు.

హర్ కీ దూన్

ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లా. డెహ్రాడూన్ నుంచి సాంక్రి దాకా దాదాపు 200 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి చేరతారు. సాంక్రి రెండు వేల మీటర్ల లోపే ఉంటుంది. అక్కణ్నుంచి తాలుకా, గంగాడ్, ఓస్లా ఊళ్ల మీదుగా సూపిన్ నది పక్కనే నడుచుకుంటూ వెళ్తే 3,500 మీటర్ల దగ్గర లోయ విచ్చుకుంటుంది. ఎదురుగా 6,252 మీటర్ల స్వర్గారోహిణి. పాండవులు చివరి ప్రయాణంలో ఇటే వెళ్లారని అక్కడివాళ్లు చెబుతారు. అదే చుట్టుపక్కల ఊళ్లలో దుర్యోధనుడిని దేవుడిగా కొలిచిన ఆనవాయితీ కూడా ఉంది. ఉత్తరాది ట్రెక్కర్లు ఇది విని నోరెళ్లబెడతారు. సినిమాలో దుర్యోధనుడికి డ్యూయెట్ పెట్టుకున్న తెలుగువాళ్లకి ఇందులో అంత వింతేమీ ఉండదు.

ఒంటరివాళ్లకి ఈ దారిలో ఉన్న గొప్ప సుఖం, దాటాల్సిన కనుమ లేకపోవడం. వెళ్లిన దారినే తిరిగి రావాలి. కొందరికి ఇది విసుగు. మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లకి మాత్రం ఇదే పెద్ద అండ. వాన మొదలైనా, జ్వరం వచ్చినా, మనసు వెనకాడినా వెనక్కి తిరిగితే తెలిసిన దారే. ఎత్తు కూడా మెల్లగా పెరుగుతుంది. నడకలో మొదటి రోజంతా ఊళ్లు తగులుతూనే ఉంటాయి, ఓస్లాలో హోమ్‌స్టేలు ఉన్నాయి. ఓస్లా దాటాకే అసలు ఏకాంతం. అప్పటికి ఒకటి రెండు రాత్రులు గడిచి ఉంటాయి కాబట్టి టెంట్ వేయడం, పొయ్యి వెలిగించడం చేతికి అలవాటై ఉంటుంది.

ఇబ్బందులు రెండు. మొదటిది అనుమతి. ఇదంతా 1955లో అభయారణ్యంగా ప్రకటించిన గోవింద్ పశు విహార్ పరిధిలోది. నైట్వాడ్ దగ్గర అటవీ శాఖ చెక్‌పోస్టులో పేరు రాయించి రుసుము కట్టాలి. ఒంటరిగా వచ్చినవాళ్లని గైడ్ లేకుండా పంపాలా వద్దా అన్నది ఆ సీజన్‌లో ఉన్న ఉత్తర్వుల్ని బట్టి ఉంటుంది. సాంక్రిలో మీరు దిగబోయే లాడ్జివాళ్లకి వారం ముందే ఫోన్ చేసి అడగండి. గైడ్ తప్పదంటే ఒక లోకల్ మనిషిని పెట్టుకుని, టెంట్, వంట మాత్రం మీరే చూసుకోండి. దానివల్ల ఒంటరి ప్రయాణం పాడైపోయిందని బాధపడాల్సిన పనిలేదు.

రెండోది ఎలుగుబంటి. ఇది దేవదారు అడవి, హిమాలయ నల్ల ఎలుగు తిరిగే చోటు. తిండి టెంట్లో పెట్టుకుని పడుకోకూడదు. వంట చేసిన చోటికి, పడుకునే చోటికి మధ్య ఎడం ఉండాలి. తిండి సంచిని దూరంగా కొమ్మకి వేలాడదీయాలి. తెల్లవారుజామున, చీకటి పడే వేళల్లో అడవిలో చప్పుడు చేస్తూ నడవాలి. పాత తెలుగు పాటలు గట్టిగా పాడుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

హంప్తా

మనాలి నుంచి జీపులో జోబ్రా దాకా వెళ్లి దిగితే పక్కనే చికా. రెండో రోజు బాలూ కా ఘేరా. మూడో రోజు 4,270 మీటర్ల కనుమ ఎక్కి అవతల శియా గోరూలో దిగడం. నాలుగో రోజు ఛత్రు, అక్కడ రోడ్డు. ఇటువైపు కులూ పచ్చదనం, అటువైపు లాహౌల్ బోడి కొండలు, మధ్యలో ఒక్క కనుమ. ఒకే రోజులో రెండు లోకాలు చూపించే దారి ఇంత దగ్గరలో ఇంకోటి లేదన్నది నిజం. మూడింట్లోకీ అందమైనది ఏదని అడిగితే నేను దీన్నే చెబుతాను.

కానీ లెక్క వేసి చూడండి. జోబ్రా దాటాక ఛత్రు దాకా ఒక్క ఊరు లేదు. ఎండాకాలంలో గద్దీ గొర్రెల కాపరులు, ట్రెక్కింగ్ సీజన్‌లో బ్యాచ్‌లు, అంతే. వాళ్లు కనుమ దాటేది పొద్దున. మధ్యాహ్నం రెండు తర్వాత పైన ఎవరూ ఉండరు. కనుమ రోజు ఏడెనిమిది గంటల నడక, మంచు ముద్దలు, జారే రాళ్లు. జూన్‌లో చాలా భాగం మంచు కిందే ఉంటుంది, మేఘం దిగితే అడుగుల జాడ కనిపించదు. ఒకసారి అవతలికి దిగాక వెనక్కి రావాలంటే మళ్లీ కనుమ ఎక్కాలి. అంటే ఆ పూట నుంచి ముందుకు పోవడమే దారి.

ఇక వాగు. శియా గోరూ దగ్గర దాటాల్సిన నీళ్లు రాత్రంతా కరగని మంచు వల్ల తెల్లవారుజామున తక్కువగా ఉంటాయి, మధ్యాహ్నానికి ఉరకలేస్తాయి. బ్యాచ్‌లు చేతులు పట్టుకుని గొలుసుగా దాటతాయి, గైడ్ తాడు పట్టుకుంటాడు. ఒంటరివాడికి ఉన్నది ఒక కర్ర, రెండు కాళ్లు. మోకాలు దాటి లోతుంటే దిగకూడదు. బ్యాగు నడుం పట్టీ విప్పుకుని, ప్రవాహం వచ్చే వైపు ముఖం పెట్టి, వెడల్పుగా పాయలుగా విడిపోయిన చోట అడ్డంగా జరగాలి. నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే రెండు నిమిషాలకి పాదాలు మనవి కావనిపిస్తుంది. చెప్పులు లేకుండా దిగితే రాళ్లకి కాలు కోసుకున్నా తెలియదు.

వాతావరణం ఇంకో గండం. 2023 జులైలో హిమాచల్‌ని ముంచిన వానలప్పుడే పైన చంద్రతాల్ సరస్సు దగ్గర మంచు కురిసి, దాదాపు 300 మంది రోజుల తరబడి చిక్కుకుపోయారు. ఛత్రు ఆ రోడ్డు మీదిదే. అంటే కనుమ దాటి దిగినంత మాత్రాన మనాలి చేరినట్టు కాదు. ఆ రోడ్డు తెగితే దిగినచోటే ఉండిపోవాలి.

ఇవన్నీ తెలిసీ ఒంటరిగా వెళ్తానంటే నా సలహా: సెప్టెంబర్‌లో వెళ్లండి. బాలూ కా ఘేరాలో బ్యాచ్‌ల టెంట్లకి కాస్త ఎడంగా మీ టెంట్ వేసుకోండి. వాళ్ల గైడ్ ఎన్నింటికి బయల్దేరుతున్నాడో ముందు రోజే అడిగి, పొద్దున వాళ్లు బయల్దేరిన పది నిమిషాలకి మీరు బయల్దేరండి. ఎవరితోనూ కలిసి నడవక్కర్లేదు, కంటికి కనిపించేంత దూరంలో ఉంటే చాలు. లేదా మనాలిలో ఒక లోకల్ గైడ్‌ని తీసుకోండి. ఇంకో మాట. గొర్రెల మంద దగ్గర టెంట్ వేయకండి. కాపరుల కుక్కలు చిరుతపులితో తలపడేవి, రాత్రి మీరు బయటికొస్తే మిమ్మల్నీ చిరుత లాగే చూస్తాయి.

మార్ఖా

ఇక లద్దాఖ్. మార్ఖా లోయ హెమిస్ నేషనల్ పార్కులో ఉంది, దేశంలో అతి పెద్ద నేషనల్ పార్కు ఇదే. లేహ్ నుంచి జీపులో చిలింగ్ వైపు వెళ్లి, జన్స్కార్ నది దాటి స్క్యూ, మార్ఖా, హంకర్, థాచుంగ్‌త్సే, నిమాలింగ్. ఆ తర్వాత కొంగ్‌మారు లా కనుమ ఎక్కి శాంగ్ సుమ్డోలో దిగుతారు. రోడ్డు ఏటా కొంచెం కొంచెం లోపలికి వస్తోంది కాబట్టి ఎక్కడి నుంచి నడక మొదలుపెట్టాలో లేహ్‌లోనే తేల్చుకోండి. దుమ్ము లేపుతూ జీపులు పోయే రోడ్డు మీద బ్యాగు మోయడంలో సాహసమేమీ లేదు.

నా మొదటి ప్రశ్నకి ఈ లోయ ఇచ్చే జవాబు బాగుంటుంది. హంకర్ దాకా ఏ రోజూ ఊరు తగలకుండా గడవదు. ప్రతి ఊళ్లో హోమ్‌స్టే ఉంది. మధ్యమధ్యలో పాత పారాచూట్ గుడ్డతో వేసిన టీ కొట్లు. ఈ హోమ్‌స్టేల వెనక కథ కూడా బాగుంటుంది. మంచు చిరుత కొట్టంలో దూరి గొర్రెల్ని చంపితే ఊరివాళ్లు పగబట్టి దాన్ని చంపేవాళ్లు. చిరుత ఉన్నందువల్ల ఇంటికి నాలుగు డబ్బులు వస్తే ఆ పగ తగ్గుతుందని స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ వాళ్లు 2000ల మొదట్లో ఈ ఏర్పాటు మొదలుపెట్టించారు. ఇంటి ఆడవాళ్లే నడుపుతారు. ఒంటరిగా వెళ్లే అమ్మాయిలకి ఈ మూడింట్లో నేను మార్ఖానే ముందు చెప్పడానికి ఇదొక కారణం.

హోమ్‌స్టేలు ఉన్నప్పుడు టెంట్ ఎందుకు మొయ్యాలని అడుగుతారు. ఏకాంతం కోసం అని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో అసలు ప్రయోజనం వేరు: ఎత్తుని మన చేతిలో పెట్టుకోవడానికి. హంకర్ దాదాపు 4,000 మీటర్లు, నిమాలింగ్ దాదాపు 4,800. హోమ్‌స్టేల మీద ఆధారపడినవాళ్లు ఒకే రోజు 800 మీటర్లు ఎక్కి పడుకోవాలి. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలని డాక్టర్లు చెప్పేమాట. టెంట్ ఉంటే మధ్యలో థాచుంగ్‌త్సే దగ్గర, 4,200 చిల్లర మీటర్ల ఎత్తులో, వాగు పక్కన గట్టు మీద ఒక రాత్రి ఆగిపోవచ్చు. బ్యాచ్‌లో వెళ్లేవాళ్లకి ప్లాన్ మార్చుకునే వీలుండదు. ఒంటరివాడికి ఉన్న ఒకే ఒక్క పెద్ద లాభం అది, దాన్ని వాడుకోవాలి.

ఎందుకంటే ఈ దారిలో భయపడాల్సింది ఎత్తుకే. హైదరాబాద్ 500 మీటర్ల ఎత్తులో ఉంది. ఢిల్లీలో విమానం మారి లేహ్‌లో దిగితే పొద్దుటి కాఫీకీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య 3,500 మీటర్లకి వచ్చేసి ఉంటారు. తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే. ఇంటి దగ్గర ఎంత ప్రాక్టీస్ చేసినా ఈ ఎత్తుకి ఒళ్లు అలవాటు కాదు. అలిపిరి 3,550 మెట్లు బ్యాగు వేసుకుని ఎక్కితే కాళ్లు గట్టిపడతాయి, ఊపిరి సంగతి అది నేర్పదు. లేహ్‌లో కనీసం మూడు రాత్రులు, మొదటి రోజు పూర్తి విశ్రాంతి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే అసిటజోలమైడ్ మాత్ర వాడాలా వద్దా అన్నది డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

ఎత్తు జబ్బు ముదిరి మెదడు దాకా వెళ్తే మొదట పోయేది విచక్షణ. 'నేను బాగానే ఉన్నాను' అని అంటూనే మనిషి తూలుతుంటాడు. బ్యాచ్‌లో పక్కవాడు గమనిస్తాడు. ఒంటరిగా ఉంటే గమనించేవాడు లేడు. అందుకే నాలుగు వేల మీటర్లు దాటాక రోజూ సాయంత్రం ఒక పరీక్ష పెట్టుకోండి: నేల మీద గీత గీసి, మడమకి బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు నడవండి. పక్కకి తూలారంటే చీకటి పడినా సరే కిందికి దిగాలి, లేదా దగ్గర్లోని మనిషి దగ్గరికి వెళ్లాలి. తలనొప్పితో పాటు వాంతి వచ్చినట్టుంటే ఆ రోజు ఒక్క మీటర్ కూడా పైకి ఎక్కకండి. ఈ నియమాన్ని ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని వెళ్లండి. పైన కూర్చుని ఆలోచిస్తే కనుమ ఇంత దగ్గరికొచ్చి వదిలేయడమా అనే అనిపిస్తుంది.

మార్ఖాలోనూ నది దాటాలి. చాలాచోట్ల వంతెనలున్నాయి గానీ కొన్ని ఏటా కొట్టుకుపోతాయి. హంప్తాకీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ నీళ్లు ఎక్కువగా ఉంటే వెనకున్న ఊరికి పోయి రాత్రి పడుకుని పొద్దున రావచ్చు. ముందు ఊళ్లో ఇవాళ ఎక్కడ దాటాలో అడిగితే ఇంటావిడే చెబుతుంది.

వాన పడని ప్రాంతం కదా అని వాగు పొడి ఇసుకలో మాత్రం టెంట్ వేయకండి. మెత్తగా, చదునుగా, గాలి తగలకుండా ఎంతో ఊరిస్తుంది. 2010 ఆగస్టు 5 రాత్రి లేహ్ మీద కురిసిన కుండపోత రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ కొండల మీద నీటిని పట్టి ఉంచే చెట్టు లేదు, మట్టి లేదు. పడ్డ చుక్క పడ్డట్టే వాగులోకి వస్తుంది.

కొంగ్‌మారు లా ఎక్కడం ఊపిరి పని, కాళ్ల పని కాదు. నిమాలింగ్ నుంచి తెల్లవారి బయల్దేరితే రెండు మూడు గంటలు, వెనక 6,400 మీటర్ల కాంగ్ యాత్సే. అవతల దిగుడు మాత్రం తక్కువ అంచనా వేయకండి. ఇరుకు లోయలో వాగుని పదేపదే దాటుతూ చాలాసేపు దిగాలి. నిమాలింగ్‌లో సీజన్‌లో టెంట్ క్యాంపు నడుస్తుంది, అక్కడ మీ పేరు చెప్పి, శాంగ్ సుమ్డోకి ఎవరైనా వెళ్తున్నారా అని అడిగి కదలండి.

అయితే ఏది?

మూడు వేల మీటర్ల పైన ఎప్పుడూ రాత్రి పడుకోనివాళ్లు హర్ కీ దూన్‌కి వెళ్లండి, మే రెండో సగంలోనో, సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ నడుమ దాకానో. ఇదివరకు బ్యాచ్‌తో ఒకట్రెండు ట్రెక్కులు చేసి, ఎత్తులో మీ ఒళ్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లయితే నేరుగా మార్ఖా. సెలవు జులై, ఆగస్టుల్లోనే దొరుకుతుందంటే ఆలోచించాల్సిన పనే లేదు. మిగతా రెండూ వానల్లో ఉంటాయి, మార్ఖా వానకి అవతల ఉంటుంది. హంప్తాని ఒంటరిగా మూడోసారికి దాచుకోండి. ఖర్చు మాటకొస్తే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దిగి బస్సెక్కితే డెహ్రాడూన్, మనాలి రెండూ చవకే. లేహ్‌కి విమానం టికెట్టే మొత్తం బడ్జెట్‌ని మింగేస్తుంది. మనాలి మీదుగా రోడ్డున వెళ్తే డబ్బు మిగులుతుంది, కానీ దారిలో ఐదు వేల మీటర్ల దగ్గరి కనుమలు దాటాలి కాబట్టి రాత్రి బస ఎక్కడన్నది చూసుకోవాలి.

సామాన్లలో తేల్చుకోవాల్సినవి

టెంట్ విషయంలో పెద్దగా ఆలోచించకండి. ఒకరి టెంట్ తేలిక, ఇద్దరి టెంట్‌లో బ్యాగు కూడా లోపల పడుతుంది. వాన ఉన్న హర్ కీ దూన్‌కి ఇద్దరిది, మార్ఖాకి ఒకరిది చాలు. వాకింగ్ కర్రల మీద నిలబెట్టే తేలిక టెంట్లు నిమాలింగ్ గాలికి, మేకులు దిగని రాతినేలకి ఇబ్బంది పెడతాయి. సొంత కడ్డీల మీద నిలబడేదే తీసుకోండి. స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి, 'కంఫర్ట్', 'లిమిట్'. కొట్టువాడు లిమిట్ చెప్పి అమ్ముతాడు, మీరు కంఫర్ట్ చూసి కొనండి. మైనస్ 5 కంఫర్ట్ ఉంటే హర్ కీ దూన్‌కీ హంప్తాకీ సీజన్‌లో సరిపోతుంది. నిమాలింగ్ సెప్టెంబర్ రాత్రికి లోపల ఇంకో పొర ఉండాలి. మార్చుకోవడానికి పొడి చొక్కా ఒకటి ప్లాస్టిక్ కవర్లో కట్టి, పడుకునేటప్పుడు తప్ప తీయకండి. 2024 జూన్ మొదట్లో ఉత్తరాఖండ్ సహస్ర తాల్ దగ్గర మంచుగాలిలో చిక్కుకుని కర్ణాటక బృందంలో తొమ్మిదిమంది చనిపోయారు. మనకి రోహిణి కార్తె ఎండలు అప్పుడే కాస్త తగ్గే రోజులవి.

పొయ్యి దగ్గరే ఎక్కువమంది చిక్కుల్లో పడతారు. గ్యాస్ క్యాన్ విమానంలో ఎక్కనివ్వరు, చెక్-ఇన్‌లో కూడా. లైటర్, అగ్గిపెట్టె కూడా అంతే. అక్కడికెళ్లాక కొనాలి. మరబిగించే క్యాన్లు లేహ్, మనాలి, డెహ్రాడూన్‌లలో ట్రెక్కింగ్ సామాను కొట్లలో దొరుకుతాయి. సాంక్రిలో దొరుకుతుందని నమ్ముకుని వెళ్లకండి. పొడవాటి డబ్బాల్లో వచ్చే చవక బ్యూటేన్ మన ఊళ్లో పిక్నిక్‌కి బాగుంటుంది. ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, కాబట్టి పొద్దున్నే టీకి మంట రాదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినదే అడగండి. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోండి. గొట్టం ఫిల్టర్‌తో నీళ్లు వడకట్టుకునేవాళ్లు దాన్నీ పక్కలో పెట్టుకోవాలి, ఒకసారి గడ్డకడితే లోపలి పోగులు చిట్లి ఎందుకూ పనికిరాదు.

తిండిలో బియ్యం, కందిపప్పు మర్చిపోండి. 4,800 మీటర్ల దగ్గర నీళ్లు 84 డిగ్రీలకే మరుగుతాయి. పప్పు రాత్రంతా కూర్చున్నా ఉడకదు, గ్యాస్ అయిపోతుంది. ఇంటి దగ్గరే నేతిలో వేయించి తిరగమోత కలిపి పెట్టుకున్న ఉప్మా రవ్వ, అటుకులు వేడినీళ్లు పోసి మూతపెడితే చాలు. అటుకుల మీద పులిహోర గుజ్జు ఒక చెంచా. ఇన్‌స్టంట్ బంగాళదుంప పొడిలో కందిపొడి, నెయ్యి కలిపితే రాత్రి భోజనం. దారిలో తినడానికి మినప సున్నుండలు, పల్లీ చిక్కీ. ఎత్తులో ఆకలి చస్తుంది, తీపి కూడా వెగటు పుడుతుంది. అప్పుడు గొంతు దిగేది ఉప్పూ కారమే. అందుకే చిన్న సీసాలో నిమ్మకాయ ఊరగాయ, మూత టేపుతో చుట్టి. ఎనర్జీ బార్లు అమ్మేవాళ్లకి ఈ మాట నచ్చదు. మొత్తం బ్యాగు 13 కిలోలు దాటితే ఏదో ఎక్కువ పెట్టారని అర్థం.

ఫోన్, కబురు

అమెరికా నుంచి సెలవుకి వచ్చి ట్రెక్‌కి వెళ్దామనుకునేవాళ్లకి ముఖ్యంగా: అక్కడి కొండల్లో వాడే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరాలు మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా పెట్టుకోవడం నేరం. శాటిలైట్ ఫోన్లూ అంతే. వీటితో వచ్చిన విదేశీయుల్ని విమానాశ్రయాల్లో పోలీసులు పట్టుకున్న సందర్భాలున్నాయి. అక్కడే వదిలేసి రండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అదీ లేహ్ చుట్టుపక్కలకే. లోయలోకి దిగాక ఫోన్ కెమెరాగా, ముందే డౌన్‌లోడ్ చేసిన మ్యాప్‌గా పనికొస్తుంది. సాంక్రి, జోబ్రా దాటాక కూడా సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

కాబట్టి కబురు మనుషుల ద్వారానే పంపాలి. ఏ రోజు ఎక్కడ పడుకుంటారో, టెంట్ రంగేమిటో, రక్తం గ్రూపేమిటో, ఇంట్లో ఎవరి నంబరో రాసిన కాగితాలు మూడు తయారు చేయండి. ఒకటి ఇంట్లో, ఒకటి బేస్ ఊళ్లో మీరు దిగిన లాడ్జిలో, ఒకటి మీ బ్యాగు పై జేబులో. ఇంట్లో ఇచ్చే కాగితం మీద ఒక తేదీ, ఒక టైము పెద్ద అక్షరాలతో రాయండి: ఆ వేళ దాకా ఫోన్ రాకపోతే ముందు లాడ్జికి, ఆ తర్వాత 112కి చెయ్యాలి. ఆ టైముకి మీరు అనుకున్న తిరుగు రోజు మీద ఒక పూర్తి రోజు కలపండి. లేకపోతే జీపు ఆలస్యమైనందుకు అమ్మ టెన్షన్ పడి ఊరంతా లేపుతుంది. దారిలో ప్లాన్ మారితే ఎదురుపడ్డ బ్యాచ్ గైడ్‌కో టీ కొట్టు ఆమెకో చీటీ ఇచ్చి, కిందికి వెళ్లేవాళ్ల చేత లాడ్జికి చేర్చమనండి. ఒకరి దగ్గర ఆగిపోతుందేమోనని అదే చీటీ ఇద్దరికి ఇవ్వడం మంచిది.